చిలికాలో మూడు రోజులు పడవ మీదే ఉండొచ్చా? నేనైతే పగలు పడవ, రాత్రి ఒడ్డు అంటాను

ఒడిశాలోని చిలికా సరస్సు గురించి విశాఖ నుంచి అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇది: "మేం ఆరుగురు స్నేహితులం, అందులో ఇద్దరు ఆడవాళ్ళు. డిసెంబరు చివర్లో మూడు రోజులు చిలికాలో పడవ మీదే ఉండి, వండుకుని తిని, అక్కడే పడుకుని రావాలని ఉంది. కేరళ హౌస్‌బోటులా కుదురుతుందా? రంభ వైపు వెళ్ళాలా, సాతపడ వైపా? లేకపోతే బలిమెల రిజర్వాయరు మేలా? ఏమేం తీసుకెళ్ళాలి?"

ముందు జవాబు చెప్పేస్తాను. పగలంతా పడవ మీద ఉండండి, రాత్రికి ఒడ్డుకి వచ్చేయండి. సరస్సు దక్షిణపు కొసన ఉన్న రంభ నుంచి బయల్దేరండి. సముద్రపు పాయ వైపున్న సాతపడ ఇంకోసారి పెట్టుకోండి. డిసెంబరు చివరి వారం మానేసి ఫిబ్రవరి మొదట్లో, ఆదివారం కాని రోజుల్లో రండి. వంట చేసుకోవచ్చు గానీ మీరు అనుకుంటున్నట్టు కాదు.

నాది బరంపురం. మా తాతగారి ఊరు ఇచ్ఛాపురం. 1936లో ఒడిశాని వేరు రాష్ట్రంగా విడదీసినప్పుడు ఆయన చుట్టాల్లో సగం గీతకి అటు, సగం ఇటు అయ్యారు. ఇరవై ఏళ్ళకి పైగా శీతాకాలం రాగానే అయిదారుగురం కలిసి రంభలో పడవ మాట్లాడుకుని రెండు మూడు రోజులు చిలికాలో తిరిగి వస్తున్నాం. పడవ నడిపే వృత్తి నాది కాదు. పడవలో కూచుని తిట్లు తిన్న అనుభవం మాత్రం దండిగా ఉంది.

హౌస్‌బోటు మాట ముందు మనసులోంచి తీసేయండి. కేరళ కాలవల్లో రెండు పక్కలా గట్టు కనిపిస్తూ ఉంటుంది. చిలికా ఎండాకాలంలోనే తొమ్మిది వందల చదరపు కిలోమీటర్లకి పైన, వానాకాలంలో పదకొండు వందలు దాటుతుంది. పొడవు 64 కిలోమీటర్లు. ఇంత నీళ్ళున్నా చాలా చోట్ల దిగి నిలబడితే నడుము లోతే. రంభ వైపు కాస్త లోతు, ఉత్తరానికి పోయినకొద్దీ మరీ పలుచన. "నడుము లోతే కదా, ఇంక భయమేంటి" అని కొత్తవాళ్ళు అంటారు. అక్కడే పొరపాటు పడతారు. పలుచని నీటి మీద గాలి పడితే అల పొట్టిగా, నిట్టనిలువుగా లేస్తుంది. సముద్రంలో అల పొడుగ్గా లేపి పొడుగ్గా దింపుతుంది. ఇక్కడ ఒకదాని వెనక ఒకటి టపటపా పడవ ముక్కు మీద కొడతాయి. పావుగంట కిందట అద్దంలా ఉన్న నీరు చూస్తుండగానే బట్టలుతికే బండలా తయారవుతుంది.

కాళీజాయి దీవి కథ తెలిసే ఉంటుంది. పెళ్ళి కోసం పడవలో వెళ్తున్న జాయి అనే పిల్ల గాలివానలో మునిగిపోయి అమ్మవారై వెలిసిందంటారు. ఇప్పటికీ ఆ దీవి ముందు నుంచి పోతూ చెయ్యెత్తి దండం పెట్టని పడవవాణ్ణి నేను చూళ్ళేదు. నేనూ పెడతాను.

అందుకే మా రోజు ఇలా నడుస్తుంది. తెల్లారి ఆరింటికి రేవులో ఉంటాం. పొగమంచు ఉంటే ఎదురుగా ఉన్న దీవి అంచు కంటికి ఆనేదాకా కట్టు విప్పం. డిసెంబరు, జనవరిలో ఒక్కోరోజు ఎనిమిది దాటుతుంది. విసుక్కోకుండా టీ తాగుతూ కూచుంటాం. పదకొండు లోపల దూరపు తిరుగుడంతా అయిపోవాలి. మధ్యాహ్నానికి సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది కాబట్టి ఆ వేళకి ఏదో ఒక దీవి చాటున లంగరు వేసుకుని వంట, భోజనం, కునుకు. మూడున్నరకి తిరుగు ప్రయాణం. చీకటి పడ్డాక నీటి మీద ఉండం. చీకట్లో వలలు కనపడవు.

వలల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చిలికాలో వెదురు కర్రలు వరసగా పాతి వలలు కడతారు. కర్రల వరస కనిపిస్తే దాటకుండా చుట్టి రావడం మర్యాద. ఎనిమిదేళ్ళ కిందట ఫిబ్రవరిలో కాళీజాయి వైపు నుంచి తిరిగొస్తున్నాం. మాకు ఆలస్యమైంది, తప్పు మాదే. మా లెక్కల మాస్టారు పక్షుల ఫొటోలు చాలలేదని గంటసేపు ఆపించారు. దగ్గరి దారి అని పడవాయన రెండు వరసల మధ్య నుంచి పోనిచ్చాడు. ఇంజను ఒక్కసారి గొంతు మారి, దగ్గి, ఆగిపోయింది. నైలాను వల నీళ్ళలో తిరిగే ఇంజను పంకాకి చుట్టుకుంది. పడవ గాలికి అడ్డం తిరిగింది. అల పక్క నుంచి కొట్టడం మొదలెట్టింది. ఒక్కో అలకీ చెంబెడు నీళ్ళు లోపలికి. మేం ఆరుగురం ఏం చేశాం? అందరం ఒక్కసారే లేచి వెనక్కి పోయి పంకా వైపు తొంగి చూశాం. వెనక భాగం దిగిపోయింది. ఈసారి బిందెడు నీళ్ళు.

ఆ పడవాయన మన నోళియా మనిషే, అంటే ఒడిశా తీరంలోని తెలుగు జాలరి, ఇంట్లో తెలుగే మాట్లాడతాడు. గట్టిగా అరిచాడు: "కూకోండి బాబూ! సూడ్డానికి ఏటుందక్కడ! ముందు లంగరెయ్యండి!" ముక్కు వైపు నుంచి లంగరు పడగానే తాడు బిగిసింది, పడవ మెల్లిగా తిరిగి గాలికి ఎదురుగా నిలబడింది. నీళ్ళు రావడం ఆగింది. ఆ తర్వాత ఆయన చిన్న కత్తి పళ్ళతో కరిచిపట్టుకుని నీళ్ళలోకి దిగాడు. రొమ్ము లోతు. మునగడం, కోయడం, లేచి ఊపిరి తీసుకోవడం. ఒక్కో ముంపుకి చేతిలో పిడికెడు నైలాను పోగులు వచ్చేవి, బిగుసుకుని తాడులా పేనుకుపోయినవి. ముప్పావుగంట పట్టింది. ఆ లోపల వల సొంతదారు ఇంకో పడవలో వచ్చాడు. తిట్టాడు. తిట్టాల్సిందే, ఆ వలే అతని ఇంటి బియ్యం. డబ్బు ఇచ్చి, క్షమించమని చెప్పి వచ్చాం. రంభ దీపాలు కనిపించేసరికి ఏడు.

అప్పటి నుంచి మా పడవలో రెండు కట్టుబాట్లు. ఇంజను ఆగితే మొదట ముక్కు వైపు నుంచి లంగరు, తర్వాతే ఏమైందో చూడటం. లంగరు లేకపోతే గడకర్ర బురదలోకి దిగ్గొట్టి ముక్కు తాడు దానికి కట్టినా చాలు. రెండోది, పడవాయన "కూకోండి" అంటే మాస్టారైనా కూర్చోవాల్సిందే.

పడవ మాట్లాడుకునేటప్పుడు ఇంజను ఏ రకమో చూడండి. పంకా పొడుగాటి కడ్డీ చివర ఉండి, పైకి లేపడానికి వీలున్నదైతే నాచు చుట్టుకున్నా, వల చుట్టుకున్నా కూచున్నచోటే కోసి పారేయొచ్చు. పలుచని నీళ్ళలో ఎత్తేసి గడతో తోసుకోవచ్చు. కాకపోతే చెవులు దిబ్బడలేసే చప్పుడు. ఆరుగురు మాట్లాడుకోవాలంటే అరుచుకోవాలి. గంటకోసారి ఇంజను ఆపించండి. దాని కోసమే కదా వెళ్ళింది.

గంటల లెక్కన కాకుండా రోజు మొత్తానికి మాట్లాడండి. ఎక్కడెక్కడికి, ఎన్నింటికి తిరిగి రావడం, డీజిలు ఎవరిది, ఇవన్నీ కట్టు విప్పకముందే తేలాలి. లైఫ్ జాకెట్లు లెక్కపెట్టి, ఒక్కోదాని బకిళ్ళు మీ చేత్తో బిగించి చూడండి. ఆరు జాకెట్లున్నా బకిలు విరిగినవి రెండుంటే మీకు నాలుగే ఉన్నట్టు లెక్క. ఒడియా పడవాయన్ని "భాయినా" అనండి, అంటే అన్నా అని. "ఏయ్ బోట్" అని పిలిచేవాళ్ళకి రోజంతా మొహం మాడ్చుకున్న భాయినాయే దొరుకుతాడు.

ఇక వంట. మొదటి ఏడాది మేమూ పెద్ద పొయ్యి, గిన్నెలు, కత్తిపీట అన్నీ మోసుకెళ్ళాం. ఊగే పడవలో ఉల్లిపాయలు తరిగి మా బావ వేలు కోసుకున్నాడు. ఖలి అని ఇక్కడ సాలాకులతో కుట్టిన విస్తళ్ళు చవగ్గా దొరుకుతాయి కదా అని అందులో వడ్డించాం. గాలికి అన్నంతో సహా లేచి మాస్టారి మొహాన పడింది. ఆయన కళ్ళజోడు మీద పప్పు. అంచున్న స్టీలు కంచాలే నయం.

ఇప్పుడు మా పద్ధతి వేరు. అన్నం తెల్లారే ఒడ్డున వండించి హాట్‌ప్యాకులో పెట్టేస్తాం. చింతపండు రాత్రే నానబెట్టి పిసికి, వడకట్టి సీసాలో పోస్తాం. ఉల్లిపాయలు, మిరపకాయలు తరిగి డబ్బాలో. అల్లం వెల్లుల్లి, జీలకర్ర, మెంతిపొడి కలిపిన కారం ఇంకో డబ్బాలో. పడవ మీద మిగిలేది గిన్నె పెట్టడం, పోయడం. చిన్న గ్యాస్ పొయ్యికి మూడు పక్కలా రేకు అడ్డం. ఇంజను ఆగి, లంగరు పడి, డీజిలు డబ్బా పడవ రెండో కొసకి పోయాకే అగ్గిపుల్ల గీస్తాం. మంట అరగంట దాటకూడదు.

చేప మాత్రం నీటి మీదే కొనండి. తెల్లారి వలలు తీసి వస్తున్న పడవని ఆపితే గంపలో ఇంకా కొట్టుకుంటూ ఉంటాయి. ఒడియావాళ్ళు ఖైంగా అంటే ప్రాణం పెడతారు, అది మన కొయ్యింగ. భేక్టి అంటే పండుగప్పే. పులుసుకి నేను ఖైంగాకే ఓటేస్తాను. కొవ్వు చేప, పులుసు మీద నూనె తేలి పసుపచ్చగా కళ్ళు కళ్ళుగా కనిపిస్తుంది. మొదట పులుసు తెర్లించి, చేప ముక్కలు చివర్న వేసి, గరిటె పెట్టకుండా గిన్నెనే రెండు చెవులూ పట్టుకుని తిప్పాలి. ఎలాగూ పడవ సగం తిప్పుతుంది. పీతలు ఆశ పెడతాయి గానీ పడవ మీద వద్దు. బతికున్న పీత కట్టు ఊడిందంటే ఆరుగురూ కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చోవాలి. అదీ జరిగింది మాకు.

ఒక చిన్న సంగతి. కార్తీకంలో వస్తే చేపల మీద ఆశ పెట్టుకోకండి. చాలామంది ఒడియావాళ్ళు నెలంతా నీచు ముట్టరు, ఆఖరి అయిదు రోజులు మరీ పట్టింపు. పున్నమి మర్నాడు ఛాడఖాయి. ఆ రోజు చేపకీ, మాంసానికీ బజారు ఎగబడుతుంది. పున్నమి పొద్దున్న మాత్రం చూడదగ్గది. బోయిత బందాణ అని, పూర్వం బాలీ దాకా ఓడలేసుకుని పోయిన వర్తకుల గుర్తుగా అరటి డొప్పల పడవలు దీపాలతో నీళ్ళలో వదులుతారు. మన పోలి స్వర్గం దీపాలు గుర్తొస్తాయి.

నీళ్ళు: చిలికా నీరు ఉప్పన, తాగేది కాదు. మనిషికి రోజుకి నాలుగు లీటర్ల లెక్కన ఒడ్డు నుంచే పట్టుకెళ్ళండి, పడవాయన్ని కూడా లెక్కలో వేసి. కంచాలు సరస్సు నీళ్ళతో కొబ్బరి పీచుతో తోమి, చివర్న చెంబెడు మంచినీళ్ళతో తొలిచేస్తే చాలు. సబ్బు నీళ్ళలో కలపొద్దు. చెత్తకి ఒక గోనెసంచి, మూతి కట్టి, పడవకి కట్టి.

మీరు అడగడానికి మొహమాటపడ్డది కూడా చెప్తాను, ఎందుకంటే అసలు ఇబ్బంది అక్కడే. పడవలో మరుగుదొడ్డి ఉండదు. దీవుల్లో ఉంటుందనీ నమ్ముకోవద్దు. మగవాళ్ళు ఎలాగో గడిపేస్తారు. మా చెల్లెలూ, మాస్టారి భార్యా మొదటిసారి వచ్చినప్పుడు పొద్దుటి నుంచి నీళ్ళే తాగలేదు. సాయంత్రానికి ఇద్దరికీ తలనొప్పి, ఒకరికి వాంతి. మా బుర్రలకి తట్టనే లేదు. మర్నాడు మా చెల్లెలే ఏర్పాటు చేసింది. పడవ వెనక మూలకి నాలుగు వెదురు కర్రలు కట్టి ముదురురంగు పాతచీర చుట్టూ బిగించింది. మూతున్న బకెట్, అడుగున ఊక, పక్కన ఇంకో సంచిలో ఊక. పని కాగానే పైన రెండు దోసిళ్ళు ఊక, మూత. ఒడ్డుకి వచ్చాక తీసుకెళ్ళి మరుగుదొడ్లో పోయడం. గుడ్డ గాలికి ఎగరకుండా కింది అంచుకి రాళ్ళు కట్టింది. ఈ ఏర్పాటు లేకుండా ఆడవాళ్ళని తీసుకెళ్ళొద్దని నా మాటగా మీ స్నేహితులకి చెప్పండి. ఇంజను ఆపి, మగవాళ్ళు ముక్కు వైపు తిరిగి కూర్చోవడమూ ఏర్పాటులో భాగమే.

పడుకోవడం. ఒకే ఒక్కసారి పడవ మీద పడుకున్నాం, ఒక దీవి పల్లె రేవులో కట్టేసి. చుక్కలు బాగానే ఉన్నాయి, పదింటిదాకా. ఆ తర్వాత దోమలు. రెండింటికి మంచు పడి దుప్పట్లు పిండితే నీళ్ళు కారాయి. పక్క పడవ మా పడవకి రాత్రంతా ధన్ ధన్ మని తగులుతూనే ఉంది. తెల్లారి చూస్తే ఎవరి మొహం వాళ్ళదిలా లేదు. రంభలోనూ, బర్కుల్‌లోనూ ఒడ్డునే పాంథనివాస్‌లు (ఒడిశా పర్యాటక శాఖ వసతి గృహాలు) ఉన్నాయి, ముందుగా గదులు రాయించుకోండి. రాత్రుళ్ళు నీటి మీద ఉండటానికి అనుమతులు ఉన్నాయా, లేవా అన్నది కూడా రేవులో అడక్కుండా ఏ పడవాయన మాటా నమ్మొద్దు.

రంభ ఎందుకంటే, దీవులు దగ్గర దగ్గరగా ఉన్నాయి, గాలి లేస్తే చాటు దొరుకుతుంది. బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ అని పిలిచే సంకుడ దీవిలో ఖల్లికోట రాజావారు కట్టించిన బంగళా శిథిలం ఉంది. బండ మీద శంకు ఆకారం స్తంభం కనిపిస్తే అది కంపెనీ రోజుల్లో గంజాం కలెక్టరు స్నాడ్‌గ్రాస్ కట్టించింది. బర్కుడ దీవిలో కాళ్ళు లేని ఒక రకం నలికిరి ఉంటుంది. చూస్తే పామనుకుంటారు. అనండేల్ అనే శాస్త్రవేత్త 1917లో దానికి ఆ దీవి పేరే పెట్టాడు, బర్కుడియా అని. ఇరవై ఏళ్ళుగా మాస్టారు ఆకులు ఎత్తి చూస్తూనే ఉన్నారు, ఇంకా కనపడలేదు.

డాల్ఫిన్లు కావాలంటే సాతపడే. ముక్కు లేని గుండ్రటి తల ఉన్న ఇరావడీ రకం, సరస్సు మొత్తం మీద నూటయాభై చిల్లర. అవి ఎక్కువగా తిరిగేది సముద్రానికి కలిసే పాయ దగ్గర. రంభలో డాల్ఫిన్ చూపిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే నవ్వి ఊరుకోండి. రోడ్డున సాతపడ వెళ్ళాలంటే సరస్సు చుట్టూ తిరగాలి, సగం రోజు పోతుంది. ఎప్పుడు వెళ్ళినా డాల్ఫిన్ వెనక పడవ తరమొద్దని చెప్పండి. పంకాలు తగిలి గాయపడుతుంటాయి.

పక్షులకి నలబణ. కిక్కిసగడ్డి వనం అని అర్థం. పదిహేనున్నర చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, వానాకాలంలో నీళ్ళలో మునిగిపోయి చలికాలానికి తేలుతుంది. దిగకూడదు, ఇంజనుతో దగ్గరికి పోకూడదు. దూరంగా ఆపి గడతో తోయించుకోండి. కొందరు పడవవాళ్ళు మనకి సంతోషం కలిగిద్దామని చప్పట్లు కొట్టి గుంపుని లేపుతారు. ముందే "లేపొద్దు భాయినా" అని చెప్పేయండి. సైబీరియా నుంచి, హిమాలయాల అవతల నుంచి వచ్చిన పక్షుల్ని మన ఫొటో కోసం లేపడమేంటి. కదలకుండా కూచుంటే వేల బాతులు నీళ్ళలో మేసే చప్పుడు వినిపిస్తుంది, తడిసిన బట్టని ఎవరో నెమ్మదిగా పిండుతున్నట్టు.

బలిమెల సంగతి. అది సీలేరు మీద కట్టిన లోతు జలాశయం, మల్కన్‌గిరి జిల్లాలో. 2018లో గురుప్రియా వంతెన తెరిచేదాకా అవతలి పల్లెలవాళ్ళకి లాంచీయే బస్సు. కొండలు, పచ్చని నీళ్ళు, చాలా అందం. కానీ చిలికాలోలా గడకర్ర నేల తగులుతుందన్న ధీమా అక్కడ ఉండదు. మొదటి ప్రయాణానికి నేను చెప్పను.

డిసెంబరు చివరి వారం ఎందుకు వద్దన్నానంటే, పిక్నిక్ జనం. ఒక్కో పడవలో ఒక్కో స్పీకరు పెట్టె. సంక్రాంతికి కాళీజాయిలో మకర మేళా, అప్పుడూ పడవలు ఖాళీ ఉండవు. ఫిబ్రవరిలో పక్షులు ఇంకా ఉంటాయి, పొగమంచు తగ్గుతుంది.

సామాను గురించి అడిగారు. పైన చెప్పినవి కాక: కూర్చోడానికి చాపలు (ప్లాస్టిక్ కుర్చీలు వద్దు, ఊగితే మనిషితో సహా వెళ్ళిపోతాయి), మనిషికో తువ్వాలు, తలకి టోపీ, ఫోన్లు వేసుకోడానికి మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా, ఒక పదునైన కత్తి, పది గజాల అదనపు తాడు, వెనక పట్టీ ఉన్న చెప్పులు. మామూలు చెప్పులు చిలికా బురద తీసేసుకుంటుంది, మా బావవి మూడు జతలు అక్కడే ఉన్నాయి. వట్టికాళ్ళతో మాత్రం దిగొద్దు, గుల్లలు కోస్తాయి. మందు సీసాలు రేవులోనే వదిలేయండి. పులిహోర ఒక డబ్బా ఎక్కువే తెండి, గాలి లేచి పొయ్యి వెలిగించలేని రోజు అదే భోజనం. పడవాయన ఇంటి నుంచి పఖాళ తెచ్చుకుంటాడు, అదే మన చద్దన్నం. మీ ఆవకాయ రెండు ముక్కలు అందులో వేయండి, మర్నాడు అయిదున్నరకే రేవులో మీకోసం కూచుని ఉంటాడు.

బరంపురంలో దిగితే రంభకి రోడ్డున గంట పైచిలుకు. తేదీ ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, ఆ వారం గాలి ఎలా ఉందో రేవులో కనుక్కుని చెప్తాను.